నైరుతి మూల బేస్ డబ్బా

ఆ ఆదివారం పొద్దున సీతారాములు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మన్సూరాబాద్ చౌరస్తా నుంచి మటన్ తేవాలి, భార్య విజయశ్రీ వండాలి, మధ్యాహ్నం టీవీలో వచ్చే సినిమాను అందరూ తన హాల్లో కూర్చుని చూడాలి, సినిమా సగానికి తను సోఫాలోనే కునుకు తీయాలి. ఇందులో లోకానికి చెరుపు చేసేది ఏమీ లేదు. మటన్ వచ్చింది, కూర ఉడికింది, టీవీ కూడా పెట్టాడు. తీరా వెనక్కి తిరిగి చూస్తే హాల్లో పురుగు కూడా లేదు.

అందరూ ఎక్కడికి పోయారో వెతకనక్కర్లేదు, పడమటి గోడే చెబుతోంది. ఆ గోడకు అవతల శాంసన్ ఫ్లాటు. అక్కడ టీవీలో విలన్ కారు పేలగానే ఇక్కడ గోడకున్న క్యాలెండరు వణికింది, బల్ల మీది గ్లాసులో నీళ్లు కదిలాయి. పేలుడు వెనకే ఒక కేరింత వినిపించింది. అందులో తన కూతురు తన్మయి గొంతును సీతారాములు ఇట్టే గుర్తుపట్టాడు. ఆ తర్వాత తాపీగా "అబ్బబ్బబ్బ" అన్నవాడు బామ్మర్ది జగన్. పెద్ద అంబర్‌పేట్‌లో డీసీఎం వ్యాను నడుపుకునే జగన్ ప్రతి ఆదివారం అక్క చేతి కూర తినడానికి వస్తాడు, బావ హాల్లో చాప మీద కాళ్లు చాపి సినిమా చూసి పోతాడు. ఇప్పుడూ వస్తున్నాడు. కాకపోతే చెప్పులు పక్కింటి గుమ్మం ముందు విడుస్తున్నాడు.

అసలు ఆ అపార్టుమెంటులో గోడంత టీవీ మొదట కొన్నది సీతారాములే. అప్పటి నుంచి ఆదివారం కొలువు ఆయన హాల్లోనే. సోఫా నడుమ తను కూర్చునేవాడు, చుట్టూ జనం చేరేవాళ్లు, తరవాత ఏం జరగబోతోందో తను ముందే చెప్పేవాడు, వాళ్లు ఊరుకొమ్మని బతిమాలేవాళ్లు. వారమంతా పార్సిల్ ఆఫీసులో హమాలీలతో గొంతు చించుకునే మనిషికి ఆ బతిమాలించుకోవడంలో ఎంత సుఖముందో అనుభవిస్తే గాని తెలియదు. అట్లాంటి కొలువును శాంసన్ హోం థియేటర్ ఒకటి కొని, ఒక్క మాట అనకుండా, గోడ అవతలికి లాగేసుకున్నాడు. సీతారాములుకు కడుపు మండిపోయింది. దీనికి మరో పేరు పెడితే అబద్ధమవుతుంది.

శాంసన్ చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. ఆయనది మోత్కూరు వైపు, ఫార్మా కంపెనీలో సూపర్‌వైజరు. ఎదురుపడితే "అన్నా" అనకుండా పోడు. భార్య ఎలిజబెత్ బడిలో టీచరు, గురువారం సాయంత్రాలు ఆ ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన జరుగుతుంది. ఇంత మంచివాళ్ల మీద పడి ఏడవడం ఎంత కష్టమో సీతారాములుకే తెలుసు. అయినా కష్టపడి ఏడ్చాడు.

ఎల్‌బీ నగర్‌లో లారీ పార్సిల్ ఆఫీసు ఆయనది. అంటే ఆయన సొంతం కాదు, సంతకం ఆయనది. ఏళ్ల తరబడి మూటలు ఎత్తి దించి, ఆయనకు ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఏ వస్తువు సత్తా అయినా బరువులో ఉంటుంది. మిక్సీ కొన్నా, కుక్కర్ కొన్నా, చివరికి పెళ్లిలో చదివింపుల గిన్నె కొన్నా, ఎత్తి చూడనిదే ఆయన చెయ్యి జేబులోకి పోదు. శాంసన్ హోం థియేటర్‌లో గోడలు అదిరించే ఆ బేస్ డబ్బా బరువెంతో తెలిస్తే, అంతకు మించింది తెచ్చి పడెయ్యవచ్చు. మటన్ వండిన రోజు పక్కింటికి ఒక గిన్నె కూర పోవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజు గిన్నె తనే పట్టుకుపోతానని సీతారాములు అన్నప్పుడు, వంటింట్లో నుంచి విజయశ్రీ తల బయటపెట్టి మరీ చూసింది.

ఆయన వెళ్లేసరికి టీవీలో ప్రకటనలు వస్తున్నాయి. ఎలిజబెత్ వంటింట్లో బజ్జీలు తీస్తోంది, మిగతావాళ్లు ఆ వాసన వెంట అక్కడే మూగారు. హాల్లో టీవీ పక్కన గోడకు ఆనుకుని నల్లటి డబ్బా ఉంది. ఎంతలేదన్నా చిన్న సైజు బీరువా పిల్లలాగా ఉంది. సీతారాములు అటూ ఇటూ చూసి, కూర గిన్నెను ఆ డబ్బా నెత్తి మీద పెట్టి, కాసేపు దాని ఠీవి చూశాడు. తరవాత గిన్నె కింద పెట్టి, వంగి, రెండు చేతులతో డబ్బాను కౌగిలించుకుని పైకి లేపాడు. బరువు చేతికి అందింది. లెక్క కట్టుకుంటున్నంతలో వెనక శాంసన్ బజ్జీల పళ్లెంతో నిలబడి ఉన్నాడు.

"ఏంది అన్నా, ఏమైంది?"

పట్టుబడ్డ మనిషికి నోట్లోకి ఏది వస్తే అదే నిజం. డబ్బా మీద వాలిపోయినట్టుగా ఉండి, "ఏం లేదు తమ్మీ. జర ఛాతిల పట్టేసినట్టయింది," అన్నాడు.

ఆ ఒక్క మాటతో సినిమా ఆగిపోయింది. శాంసన్, జగన్ కలిసి ఆయన్ని సోఫాలో పడుకోబెట్టారు. ఎలిజబెత్ ఆదివారం పేపరు మడిచి విసిరింది. విజయశ్రీ పరుగున వచ్చి, వచ్చీ రాగానే ఏడుపు అందుకుంది. గుండె జబ్బు మనిషి దగ్గర ఈ మోత వద్దని ఎలిజబెత్ అనగానే శాంసన్ డబ్బా ఆపేశాడు. సినిమా చప్పగా సాగింది. నెల నుంచి సీతారాములు కోరుకున్న నిశ్శబ్దం అదే. తీరా దొరికినప్పుడు తను వెల్లకిలా పడుకుని ఉన్నాడు, తను పట్టుకొచ్చిన మటన్ అందరూ తింటున్నారు, తనకు మజ్జిగ ఇచ్చారు.

మర్నాడు దవాఖానకు పోవాల్సిందేనని విజయశ్రీ పట్టుబట్టింది. జగన్ వ్యాను తెస్తానన్నాడు. ఒక్కడినే పోతానని, తోడు ఎవరైనా ఉంటే భయమెక్కువవుతుందని చెప్పి సీతారాములు ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, దవాఖానల బోర్డులన్నీ దాటుకుంటూ, బస్ డిపో వెనక సందులో ఉన్న స్పీకర్ల దుకాణంలోకి నడిచాడు.

దుకాణం యజమాని రామస్వామి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. లోపల చీకటి గది ఒకటి కట్టించి, అందులో మెత్తటి కుర్చీ వేసి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి వినిపిస్తాడు. సీతారాములును కూడా కూర్చోబెట్టి మర్యాదగా అడిగాడు. "గది ఎంత ఉంటుందండీ? సినిమాలకా, పాటలకా?"

"పక్కింటికి," అన్నాడు సీతారాములు.

రామస్వామి ముఖంలో ఆశ్చర్యం లేదు. ఒక ఇంటికి డబ్బా అమ్మితే ఆ గోడ అవతలి నుంచి మరో బేరం దానంతటదే నడిచి వస్తుందని ఆయన వ్యాపారం ఆయనకు ఎప్పుడో నేర్పింది. చిన్న స్పీకర్లు మాటలకూ పాటలకూ, పెద్ద డబ్బా అదరడానికీ అని వివరించి, ఒక యుద్ధం సీను పెట్టాడు. ఏనుగులు గది చుట్టూ పరిగెత్తాయి. సీతారాములు మాత్రం ఏనుగుల్ని పట్టించుకోకుండా లేచిపోయి, వరసగా పెట్టి ఉన్న డబ్బాలను ఒక్కొక్కటే ఎత్తి చూడసాగాడు. బరువు కాదండీ, డబ్బా ఎక్కడ పెడతారు, మీరు ఎక్కడ కూర్చుంటారు అన్నది ముఖ్యం అని రామస్వామి చెప్పబోయాడు.

"కూసునుడు నాకొస్తది. డబ్బ సంగతి చెప్పు."

శాంసన్ డబ్బాకన్నా చేతికి స్పష్టంగా బరువు తెలిసిన డబ్బా ఒకటి చివర దొరికింది. దాన్ని దించుతుంటే నడుము పట్టేసింది కూడా. నిన్నటి అబద్ధానికి ఆ మాత్రం నిజం జత కలవడం ఆయనకు నచ్చింది. వాయిదాల కాగితం మీద సంతకం చేసి ఇంటికి వచ్చాడు.

"డాక్టరు ఏమన్నడు?" అంది విజయశ్రీ తలుపు తీస్తూనే.

"మనసు ఖుష్‌గ పెట్టుకోమన్నడు. పాటలు, సినిమాలు మంచి సౌండుల వినమన్నడు."

"గోలీలు?"

"గోలీలు వద్దంట. సౌండేనంట."

ఇట్లాంటి వైద్యం ఆమె ఎక్కడా వినలేదు. కానీ పెద్ద డాక్టర్లు ఇప్పుడు అట్లాగే చెబుతున్నారని ఎవరో అనగా విన్నట్టు అనిపించి ఒప్పుకుంది. డాక్టరు మరిచిపోయిన పథ్యాన్ని మాత్రం తనే కలుపుకుంది. ఆ పూట నుంచి సీతారాములు కంచంలో ఉప్పు లేదు, కారం లేదు, మటన్ అన్న మాట లేదు.

డబ్బా దిగిన రోజు దుకాణం నుంచి సాయినాథ్ అనే ఫిట్టర్ వచ్చాడు. టీవీకి అటూ ఇటూ చిన్న స్పీకర్లు బిగించి, పెద్ద డబ్బాను టీవీ పక్కన పెట్టబోయాడు. అక్కడే విజయశ్రీ అడ్డం వచ్చింది. ఫ్లాటు కొన్నప్పుడు సిద్ధాంతి హాలంతా తిరిగి చూసి, నైరుతి మూల బరువు ఉండాలి, ఈశాన్యం తేలికగా ఉండాలి, ఇంటికి కలిసొస్తుంది అని చెప్పిపోయాడు. ఇనుప బీరువా ఆ మూలలో పట్టక పడకగదిలోకి పోతే, అప్పటి నుంచి అక్కడ బియ్యం బస్తా కాపురం ఉంటోంది. అయితే బస్తాతో ఒక చిక్కుంది. నెల మొదట్లో నిండుగా ఉంటుంది, వండుకు తినేకొద్దీ నెలాఖరుకు తేలికైపోతుంది. ఇంట్లో చికాకులు కూడా సరిగ్గా నెలాఖరులోనే మొదలవుతాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందని విజయశ్రీ ఎప్పుడో కనిపెట్టింది. భర్తకు ఛాతీలో పట్టేసింది కూడా బస్తా అడుగంటిన రోజే. ఇంకా రుజువు ఏం కావాలి?

"తినేటిది కాదు, తగ్గేటిది కాదు. ఇట్లాంటి బరువే కావాలె ఆ మూలకు," అని ఆమె బస్తాను పక్కకు జరిపేసింది.

సాయినాథ్ తల గోక్కున్నాడు. ఆ మూలకు పెడితే బేస్ హాల్లో నిలవదని, గోడ పట్టుకుని పోతుందని చెప్పాడు. ఏ గోడ అని అడిగాడు సీతారాములు. పడమటి గోడ అన్నాడు సాయినాథ్. పడమటి గోడ అంటే శాంసన్ గోడ. సీతారాములుకు జన్మలో మొదటిసారి వాస్తు శాస్త్రం మీద గురి కుదిరింది.

"అక్కడనే పెట్టు," అన్నాడు.

డబ్బాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ముందు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ దిగదుడిచి పెట్టారు. ఆ తరవాత సీతారాములు సోఫా నడుమ తన పాత ఆసనంలో కూర్చుని రిమోట్ నొక్కాడు. తెర మీద కొండ ఒకటి కూలింది. మాటలు గాజులాగా వినిపించాయి, పక్షుల కూతలు వినిపించాయి, కొండ మాత్రం పక్కగదిలో ఎవరో చిటికె వేసినట్టు కూలింది. శబ్దం పెంచాడు. చిటికె కాస్త పెద్దదైంది, అంతే. సాయినాథ్ ఆయన్ని నైరుతి మూలలో బస్తా పక్కన నిలబెట్టాడు. అక్కడ కడుపులో పేగులు కదిలాయి. సోఫా దగ్గరికి వస్తే మళ్లీ ఏమీ లేదు. బేస్ అట్లనే ఉంటది అంకుల్, కొన్ని జాగలల్ల సచ్చిపోతది, సోఫా జరపండి అన్నాడు సాయినాథ్. సోఫా జరగదు. కూర్చున్నవాళ్ల ముఖం తూర్పుకు ఉండేట్టు హాలు నడుమ అదే జాగాలో వేయించింది కూడా ఆ సిద్ధాంతే. బస్తా పక్కన నిలబడి సినిమా చూడడం గృహస్థుకు మర్యాద కాదు.

తనకు వినపడకపోతే పోయింది, ఎవరికి వినపడాలో వాళ్లకు వినపడుతుంది కదా అని సీతారాములు మనసు సమాధానపెట్టుకున్నాడు. సాయంత్రం కాగానే టీవీ పెట్టి, ఆ సంగతే పట్టనట్టు ముఖం పెట్టి, శాంసన్ రావడం కోసం ఎదురుచూశాడు. గొడవకు వస్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. మా ఇంట్ల మేము పెట్టుకుంటం, నువ్వు పెట్టినప్పుడు మేము అన్నమా, అని మొదలుపెట్టి, పాత ఆదివారాల బాకీ మొత్తం తీర్చుకోవాలి. ఒక సాయంత్రం పోయింది, ఇంకోటి పోయింది. శాంసన్ రాలేదు. శబ్దం ఇంకా పెంచాడు. కింది ఫ్లాటు కుక్క మొరిగింది గాని శాంసన్ రాలేదు. దెబ్బ కొట్టినా అవతలివాడికి తగలకపోతే కొట్టినవాడికి ఎంత నొప్పో, సీతారాములు ఆ వారంలో తెలుసుకున్నాడు.

చివరికి తలుపు చప్పుడైంది. ఎలిజబెత్ వచ్చింది. చేతిలో ఆ వేళ్టి కూర గిన్నె ఉంది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు కనుక అందులో రాగిజావ పోసి తెచ్చింది, గుండెకు మంచిదని.

"అన్నా, గురువారం ప్రార్థనల మీ గురించి చెప్పినం. అందరు ఏడ్చుకుంట ప్రార్థన చేసిన్రు," అంది.

సీతారాములు, తమ సౌండుతో వాళ్లకు ఏమన్నా పరేషాన్ అవుతోందా అని ఆశగా అడిగాడు.

"అయ్యో, ఎంతైన పెట్టుకోండ్రి. డాక్టరు చెప్పిండంట కద. మీకు మంచిగుంటే అంతే చాలు."

ఆమె వెళ్లిపోయాక ఆయన ఆ జావ ఒక గుక్క తాగాడు. తిట్టడానికి వస్తారనుకున్నవాళ్లు తన ఆయుష్షు కోసం దేవుడికి మొరపెట్టుకుంటున్నారు. దీని మీద కోపం తెచ్చుకునే దారి ఒక్కటైనా ఉంటుందేమోనని వెతికాడు, దొరకలేదు. జావలో ఉప్పు కూడా లేదు.

ఇదంతా ఒక ఎత్తు. ఆ ఆదివారం సాయంత్రం తన్మయి పక్కింటి నుంచి సినిమా చూసి వచ్చి అన్న మాట ఒక ఎత్తు.

"డాడీ, శాంసన్ అంకుల్ వాళ్ల బేస్ ఈ వారం మస్తు పెరిగింది తెలుసా. కుర్సీలు ఊగినయి."

"కొత్తది తెచ్చిండా?" సీతారాములు గొంతు కీచుమంది.

"లే, గదే డబ్బ. అదే పెరిగింది."

డబ్బా తనంతట తను పెరగడం ఎక్కడైనా ఉందా? శాంసన్ గుట్టుగా లోపల ఏదో మార్పించి ఉంటాడు, పైకి మాత్రం అన్నా అన్నా అంటూ జావ పంపిస్తున్నాడు అని సీతారాములు నిశ్చయించుకున్నాడు. తను ఆ ఆదివారం ఇంట్లో ఒంటరిగా అదే సినిమా పెట్టుకుని, శబ్దం ఆఖరు దాకా పెంచి, చిటికెలు వింటూ కూర్చున్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు. అసూయ పట్టినవాడికి అవతలి ఇల్లు కనిపించినంత బాగా సొంత ఇల్లు కనిపించదు.

ఆ వారంలో మళ్లీ ఒకరోజు దవాఖాన పేరు చెప్పి దిల్‌సుఖ్‌నగర్ చేరాడు. రామస్వామి అంతా విని, సానుభూతిగా తల ఊపాడు.

"ఒక్క డబ్బా అయితే కొన్నిచోట్ల అలా చచ్చిపోతుందండీ. రెండు పెట్టారంటే సర్దుకుంటుంది. మీ అదృష్టం, నిన్ననే ఒకటి వచ్చింది. వాడిందే గానీ కొత్తదాని కింద లెక్క. కాకపోతే దీన్ని మొదటిదానికి ఎదురు మూలలో పెట్టుకోండి."

ఎక్కడి నుంచి వచ్చిందని సీతారాములు అడగలేదు, రామస్వామి చెప్పలేదు. సీతారాములు అలవాటు ప్రకారం వంగి రెండు చేతులతో దాన్ని లేపాడు. విచిత్రంగా ఆ బరువు చేతులకు ముందే పరిచయం ఉన్నట్టు అనిపించింది. ఎన్నో మూటలు ఎత్తిన చేతులు కదా, తమకు నప్పిన బరువును అవే పోల్చుకుంటాయి అని మురిసిపోయాడు. నెత్తి మీద గుండ్రంగా జిడ్డు మరక ఒకటి ఉంది. తుడిస్తే పోతుందిలెండి అన్నాడు రామస్వామి, తుడవకుండానే.

ఇంటికి తెచ్చాక ఆ మరకను విజయశ్రీ గిన్నెల సబ్బుతో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది, పోకపోతే పైన అల్లిన గుడ్డ ఒకటి కప్పింది. ఎదురు మూలలో పెట్టాలన్న మాట చెప్పగానే మాత్రం చెవులు మూసుకుంది. ఎదురు మూల అంటే ఈశాన్యం, దేవుడి పటాలున్న మూల. "ఈశాన్యంల బరువు పెడ్తరా ఎవలన్న? నిన్ను మళ్ల దవాఖాన్ల చూసే ఓపిక లేదు నాకు," అంది. దాంతో రెండో డబ్బా కూడా నైరుతికే పోయి, మొదటిదాని నెత్తినెక్కి కూర్చుంది. బియ్యం బస్తా బాల్కనీలోకి మారింది.

ఆ ఆదివారానికి సీతారాములు గట్టి ఏర్పాట్లు చేశాడు. ఈసారి సినిమా మన ఇంట్లోనే, ఎవరూ గడప దాటవద్దు అని తన్మయికి చెప్పాడు. జగన్‌కు ముందు రోజే ఫోన్ చేసి, రెండు డబ్బలు పెట్టించిన బిడ్డా, నీ వ్యాను హారన్ చిన్నబోతది రా అన్నాడు. శాంసన్‌ను మాత్రం పిలవలేదు. ఖాళీ హాలు ఎట్లా ఉంటుందో ఒక్క ఆదివారమైనా ఆయనకు తెలిసిరావాలి. చాప పరిపించాడు, బజ్జీలు వేయించాడు, మటన్ వండించాడు. అది అందరికీ, తనకు బీరకాయ.

సినిమా మొదలైంది. సోఫా నడుమ సీతారాములు, పక్కన తన్మయి, చాప మీద జగన్, గడప దగ్గర విజయశ్రీ. పాత కొలువు పాతగానే కనిపిస్తుంటే ఆయనకు కళ్లు చెమర్చినంత పనైంది. ఇప్పుడు చూడు, ఆనకట్ట తెగుతది అని ముందే చెప్పాడు. ఆనకట్ట తెగింది. బకెట్ ఒలికినంత చప్పుడైంది. అదే క్షణంలో గోడ అవతల నిజంగానే ఏదో తెగినట్టు గర్జన వినిపించింది.

జగన్ మొహమాటంగా బావ ముఖం చూశాడు, మంచిగనే ఉన్నది బావ అన్నాడు. కాసేపటికి ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు, అతని ఫోను మాత్రం చాప మీదే ఉంది. ఇంకాసేపటికి తన్మయి, మామయ్య ఏడి చూసొస్తానని పోయింది. సీతారాములు శబ్దం ఆఖరు దాకా తిప్పాడు. విజయశ్రీ లేచి, పక్కింటికి కూర ఇయ్యకపోతే బాగుండదని గిన్నె నింపుకుని పోయింది. చాప మీద బజ్జీలు చల్లారాయి.

అప్పుడు సీతారాములుకు ఓపిక చచ్చింది. అప్పటికప్పుడే ఏదో ఒకటి తేల్చుకోవాలని లేచి, టీవీ అట్లాగే వదిలేసి, పక్కింటి గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. ఆనకట్ట నీళ్లు తెర మీద నుంచి కాదు, కాళ్ల కింది నుంచి వస్తున్నాయి. ఏనుగు అడుగేస్తే గుండె మీద పడుతోంది. ఇన్నాళ్లూ తను డబ్బాలు ఎత్తి ఎత్తి కొనాలనుకున్నది ఇదే. ఎవరో కుర్చీ జరిపితే కూర్చున్నాడు, తనెందుకు వచ్చిందీ మరిచిపోయి సినిమా చూశాడు. ప్రకటనలు వచ్చాక గాని టీవీ పక్కకు చూపు పోలేదు. అక్కడ స్టాండు మీద కీబోర్డు ఒకటి ఉంది. డబ్బా లేదు.

"తమ్మీ, నీ డబ్బ ఏది?"

"అమ్మేసినం అన్నా," అన్నాడు శాంసన్.

"మరి గీ మోత?"

శాంసన్ టీవీ వెనక గోడ వైపు చెయ్యి చూపించాడు. "నీదే అన్నా."

కిందటి ఆదివారం ఎలిజబెత్ ఇస్త్రీ చేసుకోవడానికి డబ్బా ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టడం మరిచిపోయిందట. సినిమా అంతా అయ్యాక, కుర్చీలు ఊగడం ఆగాక, ప్లగ్గు నేల మీద పడి ఉండడం చూసి శాంసన్ ఆశ్చర్యపోయాడట. రెండిళ్లకూ కేబుల్ వాడొక్కడే, చూసే సినిమా ఒక్కటే, మోత సరిగ్గా కలిసిపోతోంది. పక్కింటి నుంచి వస్తుంటే మనకెందుకు ఈ డబ్బా, దాని జాగాలో ప్రార్థనకు కీబోర్డు పెట్టుకుందాం అని ఎలిజబెత్ అంది. అంతే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కడ కొన్నారో అక్కడే తిరిగి ఇచ్చేశారు. నీకు ముందే చెబుదామనుకున్నం అన్నా, మొహమాటపడి ఎక్కడ సౌండు తగ్గిస్తవో అని చెప్పలే అన్నాడు శాంసన్.

"ఒక్కటే బాధ," అంది ఎలిజబెత్. "ఆ దినం మీ కూర గిన్నె పెట్టిన మరక ఎంత తుడిచినా పోలే. దుకాణపాయన మూతి ముడిసిండు."

విజయశ్రీ చేతిలో అదే గిన్నె ఉంది. ఆమె గిన్నె అడుగు చూసింది, తరవాత భర్త ముఖం చూసింది.

"ఏమయ్యా, మన పై డబ్బ మీద మరక..."

"సినిమ మొదలైతుంది, చూడు," అన్నాడు సీతారాములు.

ఈలోగా సంగతి తలకెక్కిన జగన్ లేచి వచ్చి బావ భుజం పట్టుకుని ఊపేశాడు. ఈ రెండు ఆదివారాలూ కుర్చీలు ఊపింది మన బావ డబ్బలా అని, ఈ బిల్డింగుల నీ తర్వాతనే ఎవరైనా అని నోరారా పొగిడాడు. తన్మయి జరిగి, "డాడీ, ఇటు కూసో," అని తన పక్కన చోటిచ్చింది. సీతారాములు కూర్చున్నాడు. ఛాతీ గర్వంతో ఉబ్బింది, కడుపు మాత్రం మండడం మానలేదు. వారం నుంచి తను కుళ్లుకున్నది తన డబ్బా మీదే అని తెలిసినా కుళ్లు తగ్గకపోవడం ఆయనకే వింతగా అనిపించింది. తరవాత ఏం జరగబోతోందో అలవాటుగా ముందే చెప్పాడు. ఈసారి అందరూ బతిమాలారు.

రాత్రి భోజనాల దగ్గర, డబ్బాలు రెండూ టీవీ పక్కకు జరుపుదామా అని మెల్లగా కదిపాడు. విజయశ్రీ ఒప్పుకోలేదు. నైరుతికి ఆ బరువు వచ్చినప్పటి నుంచి ఆయనకు ఒక్కసారైనా ఛాతీలో పట్టేసిందా అని అడిగింది. పట్టలేదు. అసలెప్పుడూ పట్టలేదని చెబితే, మరి ఆ రోజు శాంసన్ డబ్బాను ఎందుకు కౌగిలించుకున్నాడో చెప్పాల్సి వస్తుంది. ఆయన ఉప్పు లేని బీరకాయ కూర కలుపుకుని తిన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం సీతారాములు ఖాళీ హాల్లో టీవీ పెట్టి, శబ్దం ఆఖరు దాకా తిప్పి, తలుపుకు తాళం వేసి, పక్కింటికి సినిమా చూడడానికి పోతున్నాడు. నైరుతిలో బరువు పెడితే ఇంటికి కలిసొస్తుందని సిద్ధాంతి ఆనాడే చెప్పాడు, ఏ ఇంటికో అడగకపోవడం వీళ్ల పొరపాటు.